హాంక్ మోబ్లీ ‘సోల్ స్టేషన్’: తొందరపడని శాక్సఫోన్

జాజ్ సంగీతంలో టెనర్ శాక్సఫోన్ అనగానే జాన్ కోల్ట్రేన్, సోనీ రోలిన్స్ పేర్లే ముందుగా గుర్తుకు వస్తాయి కాబట్టి, వారి కాలంలోనే వాయించిన హాంక్ మోబ్లీ (1930–1986) చాలామంది శ్రోతల చెవిన పడకుండానే మిగిలిపోయారు. విమర్శకుడు లెనర్డ్ ఫెదర్ ఆయనను ‘మిడిల్‌వెయిట్ చాంపియన్’ (బాక్సింగ్‌లో హెవీవెయిట్ కన్నా తక్కువ బరువు తరగతి) అన్నది మెచ్చుకోలుగానే అయినా, ఆ మాటే ఆయనను రెండో వరుసలో కూర్చోబెట్టిందని నా బాధ.

1960 ఫిబ్రవరి 7న న్యూజెర్సీలోని రూడీ వాన్ గెల్డర్ స్టూడియోలో, బ్లూ నోట్ సంస్థ కోసం రికార్డు చేసిన ‘సోల్ స్టేషన్’ ఆల్బమ్‌లో ఆరు రచనలున్నాయి. వాటిలో నాలుగు మోబ్లీ సొంతవి. పియానోపై వింటన్ కెల్లీ, బాస్‌పై పాల్ చేంబర్స్, డ్రమ్స్‌పై ఆర్ట్ బ్లేకీ వాయించారు. మరో ఊదువాద్యం లేకపోవడం వల్ల శాక్సఫోన్ పలికే ప్రతి పలుకూ విడిగా, స్పష్టంగా వినిపిస్తుంది.

మొదటిదైన ‘రిమెంబర్’ను వినండి. మూడు దెబ్బల వాల్ట్జ్ నడకలో పుట్టిన ఇర్వింగ్ బెర్లిన్ పాటను మోబ్లీ నాలుగు దెబ్బల తాళంలోకి మార్చి, లయకు లిప్తపాటు వెనుకగా, తీరిగ్గా కబుర్లు చెప్పే మనిషిలా వాయిస్తారు. ఆ నాదంలో కరుకుదనం లేదు, అలాగని నీరసమూ లేదు. ‘దిస్ ఐ డిగ్ ఆఫ్ యూ’లో వేగం పెరిగినా వాక్యం తడబడదు, ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని పట్టుకుని, దాన్ని తిప్పి, పొడిగించి, అనుకోని చోట ముగించే ఆ నేర్పు నాలుగైదుసార్లు విన్న తరువాతే నాకు పూర్తిగా అందింది.