షిమానో ఎంటీ 200 బ్రేకులు: కోరాపుట్ ఘాట్లలో పందేనికి సిద్ధమయ్యేవాళ్లకు

కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి వైపు మనవాళ్లు కొంటున్న మౌంటెన్ బైకుల్లో చాలావాటికి షిమానో కంపెనీ ఎంటీ 200 హైడ్రాలిక్ (ఆయిలు ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులే బిగించి వస్తున్నాయి. ఊళ్లో తిరగడానికి వీటికి వంక పెట్టక్కర్లేదు. దూరపు పందేలకు పనికొస్తాయా అన్నదే అసలు ప్రశ్న. దక్షిణాఫ్రికాలో ఎనిమిది రోజులు సాగే కేప్ ఎపిక్ లాంటివాటి మీద కన్నేసి దేవమాలి కొండ ఎక్కుతూ, దిగుతూ సాధన చేసేవాళ్లకు మా జవాబు ఇది: లివరు (చేత్తో నొక్కేది), క్యాలిపరు (చక్రం దగ్గర ప్యాడ్లను డిస్కుకు అదిమేది) నిలుస్తాయి. వాటితో వచ్చే డిస్కు, ప్యాడ్లు నిలవవు.

కారణం డిస్కు మీదే రాసి ఉంటుంది. ఆర్‌టీ 26, ఆర్‌టీ 10 లాంటి చవక డిస్కుల మీద ‘రెజిన్ ప్యాడ్ ఓన్లీ’ అని కనబడుతుంది, అంటే మెత్తటి రెజిన్ ప్యాడ్లే వాడాలని. వీటికి మెటల్ ప్యాడ్లు వేస్తే డిస్కే అరిగిపోతుంది. రెజిన్ ప్యాడ్ చప్పుడు చెయ్యదు, మొదటి నొక్కుడుకే పట్టుకుంటుంది. కానీ వానాకాలంలో ఇక్కడి ఎర్రమట్టి, రాతిపొడి కలిసి డిస్కుకూ ప్యాడుకూ మధ్య చేరితే సానపట్టినట్టే. పొడి నేల మీద నెలల తరబడి వచ్చే జత, బురద పందెంలో ఒక్కరోజుకే అయిపోవచ్చు. సుంకి నుంచి సాలూరు వైపు దిగే ఘాటులో బ్రేకు వదలకుండా నొక్కి పట్టుకుంటే వేడెక్కి పట్టు సడలుతుంది కూడా. మలుపుకు ముందు గట్టిగా నొక్కి, వెంటనే వదిలెయ్యాలి.

డబ్బు పెట్టాల్సింది ముందు చక్రం మీద. 160 మి.మీ. డిస్కు తీసి 180 మి.మీ. ఆర్‌టీ 66 వేయించండి. దానికి సరిపడే అడాప్టరు (క్యాలిపరును పెద్ద డిస్కుకు తగ్గట్టు జరిపి బిగించే ముక్క) కావాలి. ముందు చక్రాన్ని పట్టి ఉంచే మీ ఫోర్కు 180ని ఒప్పుకుంటుందో లేదో ముందే చూసుకోవాలి. ఈ డిస్కుకు మెటల్ ప్యాడ్లు వాడొచ్చు. అవి కాస్త కూస్తాయి, చల్లగా ఉన్నప్పుడు పట్టు తక్కువ, అయినా బురదకు తట్టుకుంటాయి. క్యాలిపరు బోల్టులు కొంచెం వదులు చేసి, లివరు నొక్కి పట్టుకుని, 6 నుంచి 8 న్యూటన్ మీటర్ల మధ్య బిగిస్తే ప్యాడ్లు రెండువైపులా సమంగా కూర్చుంటాయి. తర్వాత చదునైన రోడ్డు మీద వేగం అందుకుని, చక్రం లాక్ కాకుండా నడక వేగానికి తగ్గించాలి. ఓ ఇరవై సార్లు ఇలా చేస్తేగాని కొత్త ప్యాడు దారికి రాదు. ఇది చెయ్యకుండా పందెం రోజున కొత్త ప్యాడ్లతో బయల్దేరకూడదు.

ప్యాడు మందం 0.5 మి.మీ.కు దిగినా, డిస్కు 1.5 మి.మీ.కు అరిగినా మార్చెయ్యాలి. దారిలో మార్చుకోవాలంటే ఒక చిక్కుంది. ప్యాడ్లను పట్టి ఉంచేది చివర వంచిన చిన్న పిన్ను. దాన్ని సరిచేసి లాగడానికి చాలా మల్టీటూళ్లలో ఏమీ ఉండదు. చక్రానికో జత చొప్పున ప్యాడ్లతో పాటు చిన్న ముక్కు పట్టకారు, రెండు కొత్త పిన్నులు సంచిలో వేసుకోండి.

ఆయిలు విషయంలో గట్టిగా చెప్పాలి. ఇందులో పోసేది షిమానో మినరల్ ఆయిల్ మాత్రమే. మోటారుసైకిల్ మెకానిక్కులు చేతికందిన డాట్ ఫ్లూయిడ్ (మోటారు బండ్ల బ్రేకు ద్రవం) పోస్తే లోపలి రబ్బరు సీళ్లు పాడై బ్రేకే పోతుంది. రాయగడ దాకా రైల్లోనో బస్సు మీదనో పంపేటప్పుడు చక్రం విప్పితే ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి. లేకపోతే ఎవరో లివరు నొక్కుతారు, పిస్టన్లు బయటికొచ్చేస్తాయి, చక్రం మళ్లీ దూరదు. బైకు తలకిందులుగా ఉంచాక లివరు మెత్తబడితే గాలి చేరిందన్నమాట. అప్పుడు బ్లీడ్ చేయించాల్సిందే, అంటే ఆయిల్లోంచి గాలి తీయించాలి.

లివరు మూడు వేళ్లకు సరిపోయేంత పొడుగు. క్లాంపును హ్యాండిలు లోపలికి జరిపితే చూపుడువేలు కొసకు అందుతుంది. తక్కువ బలంతో ఎక్కువ పట్టు వస్తుంది. షిమానోలోనే పైస్థాయి బ్రేకైన డియోర్‌లో ఉండే సర్వో వేవ్ (లివరు నొక్కుడు బలాన్ని పెంచే ఏర్పాటు) ఇందులో లేదు కాబట్టి పెద్ద దిగుళ్లలో చెయ్యి ముందే అలిసిపోతుంది. బైకు ఇంకా కొననివాళ్లు, బడ్జెట్ ఉంటే, డియోర్ బ్రేకులున్నదే తీసుకోండి. ఇప్పటికే ఎంటీ 200 ఉన్నవాళ్లకు ముందు చక్రానికి పెద్ద డిస్కు, మెటల్ ప్యాడ్లు చాలు.