కూర్చున్న మనిషి బొమ్మకు జోర్న్ సెట్ సరిపోతుందా?

స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ (1860–1920) పేరుతో చెలామణీ అయ్యే ఈ ఆయిల్ రంగుల సెట్‌లో మామూలుగా ఉండేవి నాలుగే ట్యూబులు: టైటానియం వైట్, యెల్లో ఓకర్ (మట్టి పసుపు), కాడ్మియం రెడ్ లైట్, ఐవరీ బ్లాక్. చర్మం రంగులకు భేష్. చీర నెమలికంఠం రంగుదైతే మాత్రం ఇంకో నీలం ట్యూబు కొనాల్సిందే.

దీని అసలు గొప్పతనం నలుపులో ఉంది. నలుపు, తెలుపు కలిపిన బూడిదను ఓకర్ పక్కన పెట్టండి, కంటికి నీలంగానే తోస్తుంది. గడ్డం నీడకు, కణతలకు అదే చాలు. ముదురు నీడలకు ఓకర్, ఎరుపు, నలుపు కలపాలి. అందులో తెలుపు పడిందా, నీడ సున్నం కొట్టినట్టు పాలిపోతుంది. టైటానియం బలం అంత! వెలుగు పెంచాలన్నా ముందు ఓకర్ వేసి, తెలుపు చివర్లో చాకు మొనతో కాస్త తీసుకోండి.

ఒళ్లో పెట్టుకున్న చేతులు తరచూ మొహం కంటే ఒక మెట్టు ముదురుగా, ఎర్రగా కనిపిస్తాయి. వేళ్ల కణుపుల దగ్గర ఎరుపు ఇంకాస్త పెంచాలి. రెంటికీ ఒకే మిశ్రమం వాడితే చేతులు అతికించినట్టుంటాయి.

లోపం కూడా నలుపులోనే. ఐవరీ బ్లాక్ మెల్లగా ఆరుతుంది, నూనె ఎక్కువ. అడుగు పొరలో మందంగా వేస్తే పైపొర పగుళ్లిస్తుంది. అడుగు గీతలకు టర్పెంటైన్‌తో పలచన చేసిన బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమ రంగు) విడిగా తెచ్చుకోండి. కాడ్మియం ఆరాక గరుకు కాగితంతో రుద్దకండి, ఆ పొడి విషం.

తెలుపు మిగతావాటికంటే చాలా ముందే అయిపోతుంది. అన్నీ ఒకే సైజులో ఇవ్వడం తయారీదారుల పొరపాటే.