గ్లోబల్ మెర్సీ ఓడపై పది వారాలు: ఫ్రీటౌన్ పరిచర్యపై ఒక నర్సు సమీక్ష

మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సేవాసంస్థ నడిపే ఆసుపత్రి ఓడ గ్లోబల్ మెర్సీలో 2024 ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు పది వారాల పాటు వార్డు నర్సుగా పనిచేసి వచ్చాను. అప్పుడు ఆ ఓడ పశ్చిమ ఆఫ్రికా దేశమైన సియెర్రా లియోన్ రాజధాని ఫ్రీటౌన్ రేవులో లంగరు వేసి ఉంది. తిరిగి వచ్చినప్పటి నుంచి మా సంఘంలోనూ, నేను పనిచేసే ఆసుపత్రిలోనూ అందరూ అడుగుతున్నది ఒక్కటే: జీతం లేని సెలవు పెట్టి, చేతి డబ్బు ఖర్చు పెట్టుకుని అంత దూరం వెళ్లి రావడం వల్ల ఎవరికి మేలు జరిగింది? వెళ్లాలనే తలంపు ఉన్నవారికి పనికివస్తుందని ఆ జవాబును కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా నా పాత అనుభవం ఒకటి చెప్పాలి, ఎందుకంటే ఈ ఓడను నేను దానితోనే పోల్చి చూశాను. కొన్నేళ్ల క్రితం ఒక సంస్థ ఏర్పాటు చేసిన పన్నెండు రోజుల సువార్త యాత్రలో పద్దెనిమిది మందిమి నేపాల్ కొండల్లోని ఒక ఊరికి వెళ్లాం. బడి గోడలకు రంగులు వేశాం, పిల్లలకు పాటలు నేర్పాం, లెక్కలేనన్ని ఫొటోలు తీసుకున్నాం. ఆ ఊళ్లో గోడలకు రంగు వేయగలిగినవాళ్లు లేకపోలేదు. మేము వస్తున్నామని ఆ పనిని వాళ్ల చేతికి ఇవ్వకుండా మా కోసం అట్టిపెట్టారని నాకు ఆలస్యంగా అర్థమైంది. నేను నర్సునని తెలిసి కూడా నిర్వాహకులు నా చేత ఒక్కరి బీపీ అయినా చూపించలేదు. రాత్రి కూటాల్లో మేమంతా ఒక కుటుంబమని చెప్పుకుని కన్నీళ్లు పెట్టుకున్నాం గాని, ఆరు నెలలు తిరగకముందే ఆ పద్దెనిమిది మందిలో ఇద్దరితో తప్ప మిగిలినవారితో నాకు మాటలు లేవు. ఒకరు లేకపోతే మరొకరి పని ఆగిపోయే సందర్భం ఆ పన్నెండు రోజుల్లో ఒక్కటీ రాలేదు. అందుకే ఆ సహవాసం నిలవలేదని నేను అనుకుంటాను.

గ్లోబల్ మెర్సీ అందుకు పూర్తిగా వేరుగా ఉంటుంది. 1978లో మొదలైన ఈ సంస్థ మొదట్లో పాత ఓడలను కొని ఆసుపత్రులుగా మార్చుకునేది. మొదటి నుంచీ ఆసుపత్రి కోసమే కట్టించుకున్న మొట్టమొదటి ఓడ ఇది. 174 మీటర్ల పొడవు, పన్నెండు అంతస్తులు, ఆరు ఆపరేషన్ థియేటర్లు, సుమారు 200 పడకలు ఉన్న ఈ ఓడ 2023లో ఫ్రీటౌన్ చేరింది. కణితులు, గాయిటర్లు (మెడ ముందు థైరాయిడ్ గ్రంథి వాపు), గ్రహణం మొర్రి, పిల్లల దొడ్డికాళ్లు, శుక్లాలు, కాలిన గాయాలు మానిన తరువాత చర్మం బిగుసుకుపోయి వంగని చేతులు వంటివాటికి ఇక్కడ ఉచితంగా శస్త్రచికిత్స చేస్తారు. రోగి ఏ మతానికి చెందినవాడన్నది ఎవరూ అడగరు. స్థానిక వైద్యులకు, నర్సులకు శిక్షణ ఇవ్వడం కూడా ఈ పనిలో భాగం. 1991 నుంచి 2002 వరకు అంతర్యుద్ధాన్ని, ఆపైన 2014లో మొదలైన ఎబోలాను చూసిన దేశంలో ఆ శిక్షణకు ఎంత విలువ ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఖర్చు, ఏర్పాట్ల సంగతి దాచకుండా చెబుతాను. ఇక్కడ పనిచేసేవారు స్వచ్ఛందంగా వచ్చినవారు. జీతం ఉండదు, పైగా నేను వెళ్లినప్పుడు బసకు, భోజనానికి నెలవారీ రుసుము మేమే కట్టుకోవాల్సి వచ్చేది, విమానం టికెట్టూ బీమా కూడా మావే. నా ఖర్చులో దాదాపు సగం మా సంఘంవారు కానుకగా ఇచ్చారు, మిగిలినది నా పొదుపులోంచి పెట్టుకున్నాను. సియెర్రా లియోన్‌లో అడుగుపెట్టాలంటే ఎల్లో ఫీవర్ టీకా పత్రం తప్పనిసరి. ఆ టీకా అన్ని ఆసుపత్రుల్లోనూ దొరకదు. నేను హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేయించుకున్నాను. వేయించుకున్న పది రోజుల తరువాతే అది చెల్లుతుంది గనుక చివరి నిమిషం దాకా ఆగకూడదు. తిరిగి మన దేశంలో దిగేటప్పుడు కూడా ఆ పత్రం అడుగుతారు, జాగ్రత్తగా దాచుకోవాలి. లుంగి విమానాశ్రయం నుంచి నగరానికి మధ్యలో సముద్రపు పాయ ఉంటుంది కాబట్టి అక్కడి నుంచి పడవలో దాటాలి. రాత్రి పూట ఆ నీటి మీద దూరంగా ఫ్రీటౌన్ కొండల దీపాలు కనిపించినప్పుడు, ఒంటరిగా బయలుదేరినందుకు పట్టుకున్న భయం కొంత తగ్గింది.

ఓడలో నా మొదటి గురువు డాక్టరు కాదు, మరో నర్సు కూడా కాదు. వార్డులో అనువాదకురాలిగా పనిచేసే ఫ్రీటౌన్ ఆడమనిషి. ఓడలో ఇలాంటి స్థానిక సిబ్బందిని డే క్రూ అంటారు. రోగులు క్రియో, టెమ్నే, మెండే భాషల్లో మాట్లాడతారు. ఆమె నోరు లేకపోతే నా చేతులకు పనిలేదు. రోగి దగ్గరికి వెళ్లగానే నొప్పి ఎక్కడని అడగకూడదని, ముందు ‘కుషె’ అని పలకరించి, ‘అవ్ ది బోడి’ అని ఒళ్లు ఎలా ఉందో కుశలం అడగాలని ఆమే నేర్పింది. దానికి వాళ్లు చెప్పే జవాబు ‘అ టెల్ గాడ్ టెంకి’, అంటే దేవునికి వందనాలు చెబుతున్నాను అని. దవడ మీద కొబ్బరికాయంత కణితితో వచ్చిన మనిషి కూడా అదే చెబుతాడు. ‘దేవునికి స్తోత్రం’ అని నాలుక చివరన అలవాటుగా అనుకుంటూ పెరిగిన నేను, ఆ మాటను అంత బరువుతో అక్కడే మొదటిసారి విన్నాను.

రోగులకు తోడుగా వచ్చినవారు పడక కిందే పరుపు వేసుకుని పడుకుంటారు. దొడ్డికాళ్లకు ఆపరేషను అయి రెండు కాళ్లకూ పిండికట్లు వేసిన పిల్లలు పైన, వాళ్ల అమ్మలు కింద. రాత్రి డ్యూటీలో పిల్లవాడి నాడి చూడడానికి వంగినప్పుడు కింద నుంచి తల్లి చెయ్యి నా పాదాన్ని తాకి, ‘సిస్టర్, బాగున్నాడా’ అని అడిగేది. మన ప్రభుత్వాసుపత్రుల వరండాల్లో చాపలు పరుచుకుని పడుకునే అమ్మలను చూసినదాన్ని గనుక నాకు అది వింతగా అనిపించలేదు గాని, ఐరోపా నుంచి వచ్చిన నర్సులకు అలవాటు పడటానికి కొన్నాళ్లు పట్టింది. ఆ కొన్నాళ్లలో వాళ్లు నన్ను అడిగి తెలుసుకున్నారు, మందుల మోతాదు లెక్కల్లో నేను వాళ్లను అడిగి తెలుసుకున్నాను.

ఓడలో పెద్ద రక్తనిధి ఉండదు. ఓడలో ఉన్నవాళ్లే రక్తనిధి. దాతలుగా పేరు ఇచ్చినవారి రక్తం ముందే పరీక్షించి బ్లడ్ గ్రూపును నమోదు చేసి ఉంచుతారు, అవసరమైనప్పుడు పిలుస్తారు. ఒక రాత్రి దవడ ఆపరేషను జరిగిన రోగికి రక్తస్రావం ఎక్కువై, మా క్యాబిన్‌లో ఉండే ఘనా అమ్మాయికి పిలుపు వచ్చింది. ఆమె పని వంటశాలలో. రోజంతా గిన్నెల మధ్య నిలబడి అలిసిపోయి పడుకున్నది, నిద్రమొహంతోనే లేచి వెళ్లింది. మూడు రోజుల తరువాత మా వార్డు గుమ్మం దగ్గర నిలబడి, ఆ మనిషిని ఒక్కసారి చూడవచ్చా అని మెల్లగా అడిగింది. ఆయన మాట్లాడే స్థితిలో లేడు, ఆమె చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఆ రోజు నుంచి మా వార్డు నర్సులు భోజనశాలలో వడ్డన వరుస దగ్గర ఆమెను పలకరించకుండా ముందుకు కదిలేవారు కారు. రోగిని ముట్టని వంటవాళ్లు, ఇంజనీర్లు, బట్టలు ఉతికేవాళ్లు కూడా ఈ వైద్యంలో భాగమేనని ఎన్ని ప్రసంగాలు విన్నా ఇంతగా నాటుకునేది కాదు.

అన్నీ తియ్యగా సాగలేదు. నలుగురం ఉండే ఇరుకు క్యాబిన్‌లో నాది రాత్రి డ్యూటీ, మిగిలిన ముగ్గురిది పగటి పని. రెండో వారంలో దీపం విషయంలో, అలారం విషయంలో మాట పెరిగి రెండు రోజులు నేను వాళ్లతో సరిగా మాట్లాడలేదు. నెదర్లాండ్స్ అమ్మాయి సూటిగా మాట్లాడితే నాకు కసిరినట్టు వినిపించేది. నేను మౌనంగా ఉంటే ఆమెకు సమ్మతించినట్టు తోచేది. మాట్లాడుకుని, దీపం కోసం ఒక వేళ పెట్టుకుని, ఆ వేళకు కట్టుబడ్డాం. సహవాసం అనే మాటకు ఇలాంటి చిన్న సర్దుబాట్లు కూడా చెందుతాయి. ఈ రోజుకీ నెలకొకసారి ఆ నలుగురమూ ఫోనులో కలుసుకుని ప్రార్థన చేసుకుంటున్నాం.

నేను అన్నింటికంటే ఎక్కువగా గుర్తు పెట్టుకున్నది శుభ శుక్రవారం. ఆ ఏడాది అది మార్చి 29న, సరిగ్గా రంజాన్ ఉపవాసాల మధ్యలో వచ్చింది. సియెర్రా లియోన్‌లో ముస్లింలే ఎక్కువ, మా అనువాదకురాలూ ముస్లిమే. మా ఇంట్లో శుభ శుక్రవారం ఉపవాసం ఉండడం అమ్మమ్మ కాలం నుంచి ఆనవాయితీ, నేను అక్కడ కూడా ఉన్నాను. సాయంత్రం డ్యూటీలో ఇద్దరం పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఒక పాపకు కట్టు మార్చాం. పొద్దు గుంకాక ఆమె తన సంచిలోంచి ఖర్జూరాలు తీసి సగం నా చేతిలో పెట్టింది. నా విశ్వాసం గురించి ఆమె అడిగింది, ఆమె విశ్వాసం గురించి నేను అడిగాను, ఒకరి మాట ఒకరం పూర్తిగా విన్నాం. సాక్ష్యం చెప్పడమంటే మైకు ముందు నిలబడటమే అనుకునేవారికి ఈ ఓడ బహుశా నచ్చదు.

మరి ఎవరికి నచ్చుతుంది? చేతిలో ఒక పని వచ్చి, ఇంగ్లీషులో డ్యూటీ అప్పగింత చేయగలిగి, రెండు నెలలైనా తీరిక చేసుకోగలిగినవారికి. నర్సులే కానక్కరలేదు, ఎలక్ట్రీషియన్లు, వంటవాళ్లు, ఉపాధ్యాయులు, లెక్కలు చూసేవారు కూడా కావాలి. వారం రోజుల్లో వెళ్లి వచ్చి సంఘంలో ఫొటోలు చూపించాలనుకునేవారు వెళ్లకపోవడమే మంచిది. ఇంట్లో చంటిబిడ్డలు, మంచం పట్టిన పెద్దలు ఉన్నవారిని కూడా నేను తొందరపెట్టను. ఇంట్లోని ఆ సేవ ఈ సేవకంటే తక్కువది కాదు.

మన తెలుగు క్రైస్తవులకు విదేశీ పరిచర్య అంటే అక్కడి నుంచి ఇక్కడికి వచ్చినదే అనే అభిప్రాయం ఉంది. మా అమ్మ నర్సింగు చదివిన గుంటూరు కుగ్లర్ ఆసుపత్రి, 1883లో అమెరికా నుంచి వచ్చిన డాక్టర్ అన్నా సారా కుగ్లర్ కష్టఫలం. అయితే ఇక్కడి నుంచి వెళ్లినవారూ ఉన్నారు: చెరకు తోటల్లో కూలికి వెళ్లిన మన తెలుగువారి మధ్య పరిచర్య చేయడానికి నెల్లూరు ప్రాంతపు జాన్ రంగయ్య 1903లోనే దక్షిణాఫ్రికాలోని నటాల్ చేరారు, ఆయనను పంపినది తెలుగు బాప్టిస్టులు సొంత కానుకలతో నడుపుకున్న సంఘం. ఫ్రీటౌన్ వెళ్లే ముందు మా పాస్టరుగారు ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ధైర్యం వచ్చింది.

నేను మళ్లీ దరఖాస్తు పెడుతున్నాను. ఈసారి మా ఆసుపత్రి థియేటర్లో పనిచేసే అక్క ఒకామె కూడా వస్తానంటోంది. నారాయణగూడ వెళ్లి టీకా ఇప్పటికే వేయించుకుంది.