సగం సీజన్‌లో బేస్‌బాల్ జట్టును దేంతో తూచాలి: గెలుపులతోనా, పరుగుల తేడాతోనా?

మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక్కో జట్టు 162 ఆటలు ఆడుతుంది. 81వ ఆట జూన్ చివరకో, జూలై మొదటికో వస్తుంది. జూలై నెలాఖరుకో, ఆగస్టు మొదటికో ట్రేడ్ గడువు, అంటే జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకోవడానికి ఆఖరి రోజు. ఆలోపు యాజమాన్యం తేల్చుకోవాల్సింది ఒకటే: ఈ ఏడాది కప్పు కోసం ఆటగాళ్లను తెచ్చుకోవాలా, రాబోయే ఏళ్ల కోసం ఉన్నవాళ్లను వదులుకోవాలా? ఆ తీర్పు దేని మీద నిలబెట్టాలన్నదే ఇక్కడి ప్రశ్న.

పట్టికలో కనిపించే గెలుపోటములనే నమ్ముకుంటే ఏమవుతుందో 2023 సీజన్ చూపించింది. మయామీ మార్లిన్స్ 666 పరుగులు చేసి 723 ఇచ్చింది, అయినా 84 ఆటలు గెలిచి ప్లేఆఫ్స్‌కు వెళ్లింది. శాన్ డియేగో పాడ్రెస్ 752 చేసి 648 మాత్రమే ఇచ్చినా 82 గెలుపుల దగ్గర ఆగిపోయింది, ప్లేఆఫ్స్ అందలేదు. ఇంత తారుమారు ఒక్క పరుగు తేడాతో తేలిన ఆటల్లో జరిగింది. వాటిలో మార్లిన్స్ 33 గెలిచి 14 ఓడితే, పాడ్రెస్ 9 గెలిచి 23 ఓడింది. 2024లో మార్లిన్స్ 100 ఓడింది, పాడ్రెస్ 93 గెలిచింది. మోచేతి శస్త్రచికిత్సతో మార్లిన్స్ పిచ్చర్ (బంతి విసిరే ఆటగాడు) అల్కాంటరా ఆ ఏడాదంతా ఆడకపోవడం, బ్యాటర్ అరాయెజ్‌ను మే నెలలోనే అదే పాడ్రెస్‌కు ఇచ్చేయడం కూడా అందులో భాగమే. అయినా పరుగుల లెక్క ముందే గట్టిగా హెచ్చరించింది.

దగ్గరి ఆటలు గెలవడం కూడా నైపుణ్యమేగా, మంచి బుల్‌పెన్ (ఆట మధ్యలో, చివర్లో దిగే పిచ్చర్ల బృందం) ఉంటే చాలుగా అని చాలామంది అంటారు. కొంత నిజమే, కానీ వాళ్లనుకున్నంత కాదు. బాల్టిమోర్ ఓరియోల్స్ 2012లో ఒక్క పరుగు ఆటల్లో 29-9, అంటే 29 గెలిచి 9 ఓడింది. ఆఖరి ఇన్నింగ్స్ వేసిన జిమ్ జాన్సన్ ఖాతాలో 51 సేవ్‌లు (స్వల్ప ఆధిక్యాన్ని చివరిదాకా నిలబెట్టిన ఆటలు). 2013లో అదే జాన్సన్, 50 సేవ్‌లు, జట్టు మాత్రం ఒక్క పరుగు ఆటల్లో 20-31.

ఇక పరుగుల తేడా, అంటే సీజన్‌లో చేసిన మొత్తం పరుగులకూ ఇచ్చినవాటికీ మధ్య తేడా. ఐపీఎల్‌లో నెట్ రన్ రేట్ చూసే అలవాటున్నవాళ్లకు ఇది సులువుగానే ఎక్కుతుంది. కాకపోతే అక్కడ అది పాయింట్లు సమమైన జట్లను విడదీయడానికి, ఇక్కడ దానికి ఆ పని లేదు. 2022 నుంచి గెలుపులు సమమైతే ముందుగా ఆ జట్ల ముఖాముఖి ఫలితాలు చూస్తున్నారు. పరుగుల తేడా మనకు అంచనా కోసమే. బిల్ జేమ్స్ ఇచ్చిన సూత్రం ఇది: చేసిన పరుగుల వర్గాన్ని, చేసిన పరుగుల వర్గం, ఇచ్చిన పరుగుల వర్గం కలిపిన మొత్తంతో భాగించాలి. వచ్చేది ఆ జట్టు గెలవాల్సిన ఆటల వాటా. వర్గానికి బదులు 1.83 ఘాతం వాడితే లెక్క ఇంకాస్త దగ్గరగా వస్తుంది. నోటిలెక్కకైతే 10 పరుగుల తేడాకు సగం ఆటల మీద ఒక గెలుపు ఎక్కువ అనుకుంటే చాలు.

రెండు ఊహా జట్లను తీసుకుందాం. మొదటిది 46-35తో ఉంది, 350 చేసి 360 ఇచ్చింది. సూత్రం ప్రకారం దాని వాటా 0.486, అంటే 81 ఆటలకు 39 గెలుపుల జట్టు. రెండోది 38-43తో ఉంది, 380 చేసి 340 ఇచ్చింది. దాని వాటా 0.555, అంటే 45 గెలుపుల జట్టు. పట్టికను రెట్టింపు చేస్తే ఏడాది చివరకు 92, 76 వస్తాయి. అది తప్పు లెక్క. గెలిచేసినవి ఎటూ పోవు, వాటిని అలాగే ఉంచి మిగతా సగానికి మాత్రమే సూత్రం వాడాలి. మొదటిదానికి 46+39=85, రెండోదానికి 38+45=83. 16 ఆటల అగాధం 2 ఆటలకు వచ్చింది. ఈ అంకెలను కూడా సగటు వైపు కొంచెం జరిపి చదవాలి. 81 ఆటలన్నా పూర్తి నిజం చెప్పేంత పెద్ద నమూనా కాదు.

పరుగుల తేడా మోసం చేసే చోట్లూ ఉన్నాయి. 18-3తో ఒక్క ఆట గెలిస్తే తేడా 15 పెరుగుతుంది, గెలుపు మాత్రం ఒకటే. పైగా 2023 నుంచి 8 లేదా అంతకన్నా ఎక్కువ పరుగులు వెనుకబడిన జట్టు, పిచ్చర్ కాని ఆటగాడితో ఎప్పుడైనా బంతులు వేయించవచ్చు. అతని మీద కొట్టిన పరుగులతో మన బ్యాటర్ల బలం తేలదు. అందుకే 8 పరుగులకు మించి తేలిన ఆటలను పక్కనపెట్టి ఇంకోసారి లెక్క చూసుకోవడం మంచిది. రెండుసార్లూ ఒకే మాట చెబితే నమ్మవచ్చు.

ఇంతకన్నా పెద్ద చిక్కు, ఆ పరుగులు చేసిన జట్టు, ఇప్పుడు మైదానంలో ఉన్న జట్టు ఒకటి కాకపోవడం. 2019లో వాషింగ్టన్ నేషనల్స్ తొలి 50 ఆటల్లో 19-31. పరుగుల తేడా కూడా లోటులోనే ఉంది. కానీ ప్రధాన బ్యాటర్లలో ట్రే టర్నర్ వేలు విరిగి ఆరు వారాల పైగా ఆడలేదు. రెండన్, సోటో కూడా కొన్నాళ్లు దూరమయ్యారు. అందరూ తిరిగొచ్చాక జట్టు పుంజుకుని ఏడాది మొత్తానికి 93 గెలిచి, లీగ్ టైటిల్ పోరైన వరల్డ్ సిరీస్ ఎత్తుకుపోయింది. ఇలాంటప్పుడు మూడో కొలత వైపు వెళ్లాలి: ఒక్కో పిచ్చర్ స్ట్రైకవుట్లు (బంతులతోనే బ్యాటర్‌ను అవుట్ చేయడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వేసి బ్యాటర్‌కు ఉచితంగా మొదటి బేస్ ఇవ్వడం), ఇచ్చిన హోమ్‌రన్లు (మైదానం దాటిన దెబ్బలు). ఫీల్డర్ల చలవ, అదృష్టం వీటిని పెద్దగా తాకవు. పని ఎక్కువే, కానీ గాయాలతో చెదిరిన జట్టుకు ఇదే దిక్కు.

నా తీర్పు: ఎంత దూరంలో ఉన్నామో తెలుసుకోవడానికి గెలుపులు చూడాలి, ఆ దూరం దాటగలమా అన్నదానికి పరుగుల తేడా చూడాలి. ఒక్కటే ఎంచుకోమంటే జూలైలో పరుగుల తేడానే మేలు. 2021లో ఆల్‌స్టార్ విరామానికి (జూలై మధ్యలో వచ్చే సెలవులకు) అట్లాంటా బ్రేవ్స్ 44-45, పైనున్న మెట్స్‌కు 4 ఆటల దూరం. జట్టు స్టార్ ఆటగాడు అకూన్యా మోకాలి గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు. పట్టిక చూస్తే అమ్మేసుకునే జట్టే. కానీ చేసిన పరుగులు ఇచ్చినవాటికన్నా ఎక్కువున్నాయి. జనరల్ మేనేజర్ అలెక్స్ ఆంథోపొలస్ పెడర్సన్, డువాల్, సోలేర్, రొసారియో అనే నలుగురు అవుట్‌ఫీల్డర్లను తెచ్చాడు. జట్టు 88 గెలిచి వరల్డ్ సిరీస్ నెగ్గింది. ఆ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు సోలేర్.