పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాలంటే: నేలపట్టు నుంచి భైరవకోన దాకా

నెల్లూరు వైపు పక్షులు, సముద్రం, కొండలు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి, ఎక్కడ దిగాలి అని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. మా ప్రశ్న కొంచెం వేరు. పదిహేను నుంచి ఇరవై ఏళ్ళ మధ్య పిల్లలు ముప్పై నలభై మందిని తీసుకెళ్తే ఏ చోటు పనికొస్తుంది? మేమంతా ఒకప్పుడు యువతకి పర్యావరణ నాయకత్వం నేర్పే కార్యక్రమంలో పనిచేసినవాళ్ళం. క్యాంపులు నడిపాం, కాలేజీల చుట్టూ తిరిగి పిల్లల్ని ఎంపిక చేశాం, చెరువు నీళ్ళు సీసాల్లో పట్టి పరీక్షలు చేయించాం, ఊరికెళ్ళాక వాళ్ళ పంచాయతీలో లేచి మాట్లాడే ధైర్యం వచ్చేదాకా వెంటపడ్డాం. నిధులు ఆగిపోయాక తలా ఒక దారి పట్టాం. ఒకామె కావలి దగ్గర బడిపంతులమ్మ, ఒకతను ఒంగోల్లో బ్యాంకు ఉద్యోగి, ఒకతను చెన్నైలో సాఫ్ట్‌వేర్, నేను ఈ రాతకోతలు. టీచరమ్మ తన స్కూల్లో మళ్ళీ ఒక చిన్న క్యాంపు పెట్టాలనుకుంది. సంక్రాంతి అయ్యాక అందరం కలిసి ఉమ్మడి నెల్లూరు, ప్రకాశం జిల్లాలు ఒక చుట్టు చుట్టి వచ్చాం.

ఇలాంటి పని చేసినవాళ్ళతో ప్రయాణం చేస్తే ఒక విషయం బాగా తెలుస్తుంది. బస్సు దిగగానే ఎవరూ కెమెరా తీయరు. ఒకరు ఆడపిల్లల టాయిలెట్ చూడ్డానికి పోతారు, ఒకరు కుళాయి తిప్పి చూస్తారు, ఇంకొకరు దగ్గర్లో ఆసుపత్రి ఎక్కడుందో కనుక్కుంటారు. ఆ తర్వాతే పక్షులు.

ముందు నేలపట్టు. దొరవారిసత్రం మండలం, హైవే నుంచి కాస్త లోపలికి. 2022లో జిల్లాలు విడగొట్టాక ఇది తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ నెల్లూరు వాళ్ళకి ఇప్పటికీ ఇది మన నేలపట్టే. దాదాపు 459 హెక్టార్ల అభయారణ్యం, 1976లో ప్రకటించారు. చెరువులో నీళ్ళలోనే నిలబడి ఉండే కడప చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్ళు కడతాయి. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు. అక్టోబరులో ఈశాన్య రుతుపవనం వానలు పడి చెరువు నిండితే వస్తాయి, మార్చి దాకా ఉంటాయి. వాన లేని ఏడాది చెట్ల కింద నీళ్ళుండవు, గూళ్ళూ అంతంతమాత్రమే. కాబట్టి గదులు బుక్ చేసే ముందు నవంబరులో వానలు ఎలా పడ్డాయో కనుక్కోండి.

మాకు ఈసారి చెరువు నిండుగా దొరికింది. కట్ట మీద నడుస్తుంటే ముందు వాసన తగులుతుంది, తర్వాత చప్పుడు. ఒక గూట్లో తల్లి వాలీ వాలకముందే పిల్ల దాని గొంతు సంచిలోకి మెడ దాకా తల దూర్చేసింది. తల్లి ఒళ్ళంతా ఊగిపోతోంది, అయినా కదల్లేదు. పులికాట్ దాకా ఎగిరి వెళ్ళి పట్టుకొచ్చిన చేపలవి. మాతో ఉన్న అటవీశాఖ వాచర్ ఆ చెట్టు వైపు వేలు పెట్టి చూపించి, "అన్నా, గట్టిగా అరవబాకండి. బెదిరి పిల్ల కిందపడిందంటే తల్లి మళ్ళా ఎత్తుకోలేదు" అన్నాడు. పిల్లలకి మేం గంటసేపు చెప్పే క్రమశిక్షణ పాఠం ఆ ఒక్క మాటలో అయిపోయింది.

ఆయనే ఇంకో సంగతి చెప్పాడు. పక్షుల రెట్టలు పడిన చెరువు నీళ్ళు పొలాలకి పారితే ఎరువు తక్కువ వేసినా సరిపోతుందట. ఊరివాళ్ళు ఈ పక్షులకి ఎవరు ఏ హాని చేసినా ఊరుకోకపోవడానికి భక్తి ఒక్కటే కారణం కాదు, ఈ లెక్క కూడా ఉంది. "పర్యావరణమా, జీవనోపాధా" అని పిల్లల చేత డిబేట్లు పెట్టించే కార్యక్రమాలు ముందు ఈ చెరువు కట్ట మీద కూర్చోవాలి. పుస్తకంలో ఆ రెండూ ఎదురెదురుగా ఉంటాయి. ఇక్కడ ఒకే కాలవలో పారుతున్నాయి.

సౌకర్యాల సంగతికొస్తే, వాచ్‌టవర్ ఉంది, పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పడానికి పర్యావరణ విద్యా కేంద్రం ఉంది. టవర్ మీదికి ఒకేసారి పది మందికి మించి ఎక్కించకండి. తినడానికి దగ్గర్లో చెప్పుకోదగ్గ హోటల్ లేదు. పొద్దున్నే నాయుడుపేటలోనో సూళ్ళూరుపేటలోనో ఇడ్లీ పొట్లాలు కట్టించుకుని వెళ్ళడం మేలు. నెల్లూరు నుంచి సూళ్ళూరుపేట వెళ్ళే మెమూ దొరవారిసత్రంలో ఆగుతుంది. ఇద్దరు ముగ్గురైతే రైలు హాయి, బృందమైతే వ్యాను తప్పదు.

సూళ్ళూరుపేటలో మేం దిగిన లాడ్జి పేరు చెప్పను. గదులు పెద్దవే, దుప్పట్లు శుభ్రంగానే ఉన్నాయి. కానీ ఫోన్లో "నాలుగు గదులు పక్కపక్కనే" అని ఒప్పుకున్నవాళ్ళు, తీరా వెళ్ళాక రెండు కింద, రెండు మూడో అంతస్తులో ఇచ్చారు. మాకైతే సర్దుకుపోవచ్చు. ఆడపిల్లల్ని తీసుకెళ్ళినప్పుడు ఇలా జరిగితే రాత్రంతా టెన్షనే. ముందే ఒక మనిషి వెళ్ళి గదులు కళ్ళారా చూసి, నంబర్లు రాయించుకుని రావాలి. ఇంకో జాగ్రత్త: 2001 నుంచి జరుపుతున్న ఫ్లెమింగో ఫెస్టివల్ రోజుల్లోనూ, శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే రోజుల్లోనూ ఇక్కడ గది దొరకడం గగనం. ఫెస్టివల్‌లో స్టాళ్ళు, పాటలు, జనం అన్నీ బాగుంటాయి. పక్షుల్ని నిదానంగా చూడ్డానికి మాత్రం అవి సరైన రోజులు కావు.

పులికాట్ చూడ్డానికి సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డే చాలు. చిలికా తర్వాత మన దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు, నీళ్ళలో ఫ్లెమింగోలు. ముక్కు తలకిందులుగా ముంచి బురద నీళ్ళని వడగట్టుకుంటూ నడుస్తాయి. మా బ్యాంకు మిత్రుడు టెలిస్కోపు బిగించి దారిన పోయే ఒక ఆటో డ్రైవర్‌కి కూడా చూపించాడు. ఆయన రోజూ ఆ రోడ్డు మీదే తిరుగుతాడట, అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారట. చూసి, "గులాబీ రంగు రెక్క కిందుండాదా!" అన్నాడు. పాత ఉద్యోగం మనిషిని వదలదు.

సరస్సు బాగోగులు తెలియాలంటే రోడ్డు మీద నుంచి చూస్తే సరిపోదు, జాలర్లతో మాట్లాడాలి. లోతు తక్కువ సరస్సు ఇది. రాయదొరువు, కొండూరుపాలెం దగ్గర సముద్రపు ముఖద్వారాలు ఇసుకతో పూడిపోతే ఉప్పునీరు లోపలికి రాదు, రొయ్య రాదు, చేప రాదు, ఎండాకాలం ఉత్తర భాగం ఎండి బీటలు పడుతుంది. పూడిక తీయమని వాళ్ళు ఏళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. తడ దగ్గర భీమునివారిపాలెంలో పడవలున్నాయి. లైఫ్ జాకెట్లు అందరికీ సరిపడా ఉంటేనే ఎక్కించండి, "లోతు నడుముదాకే సార్" అన్నా ఒప్పుకోవద్దు.

మైపాడు నెల్లూరుకి పాతిక కిలోమీటర్ల దూరం. ఊళ్ళోవాళ్ళు ఆదివారాలు అక్కడికే వస్తారు. బీచ్ బాగుంటుంది, అల లోపలికి లాగుతుంది. స్నానాలకి పిల్లల్ని దింపొద్దని నా గట్టి మాట. మేం వెళ్ళింది స్నానాలకి కాదు, తాబేళ్ళ కోసం. జనవరి నుంచి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఈ తీరంలో గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఇసుక మీదికి వస్తాయి. మైపాడుకి కాస్త ఎగువన ఒక పల్లెలో మాకు పాత పరిచయస్తుడు ఉన్నాడు. జాలరి. తాబేటి గుడ్లు సేకరించి హేచరీలో, అంటే గుడ్లని కాపాడి పొదిగించే చోట, పాతిపెట్టే పనికి సీజన్లో కూలికి వెళ్ళేవాడు. మా పాత క్యాంపులకి ఆయన వస్తే కాలేజీ పిల్లలు ఫోన్లు పక్కన పెట్టేసేవాళ్ళు.

తెల్లారకముందే ఆయన వెంట నడిచాం. ఒకచోట ఆగి టార్చి నేల మీదికి వేశాడు. సముద్రం నుంచి పైకి ఒక జాడ, మళ్ళీ సముద్రంలోకి ఒక జాడ, రెండూ ట్రాక్టరు టైరు నడిచినట్టు. రెండు జాడలు కలిసేచోట ఇసుక కదిపి ఉంది. సన్న కర్రతో మెల్లగా గుచ్చి చూశాడు. కర్ర ఒక్కసారిగా సులువుగా దిగిన చోట మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తవ్వాడు. మోచేయి దాకా చేయి దిగాక తెల్లగా గుడ్లు. ఒక్కో గూట్లో వంద దాకా ఉంటాయి. కదిలించాల్సి వస్తే పెట్టిన కొద్ది గంటల్లోనే కదిలించాలి, కిందిది పైకి తిరగకుండా పట్టుకోవాలి, లేకపోతే లోపల పిండం చచ్చిపోతుంది. ఈ సంగతులన్నీ చెబుతూ ఇసుక మళ్ళీ కప్పేశాడు. హేచరీ వాళ్ళకి ఫోన్ చేసి, వాళ్ళొచ్చేదాకా కుక్కలు రాకుండా తమ్ముణ్ణి కాపలా ఉంచాడు. ఈ గుడ్లు పొదగడానికి నెలన్నర నుంచి రెండు నెలలు. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు పుడతాయి.

ఇంకొంచెం ముందుకెళ్తే ఒక చచ్చిన తాబేలు. కళ్ళు ఉబ్బి, మెడ చాచి. తాబేలు నీళ్ళలో బతికినా గాలి పీల్చడానికి పైకి రావాల్సిందే. పెద్ద బోట్ల వలలో చిక్కుకుంటే పైకి రాలేక ఊపిరాడక చస్తుంది. వలకి తాబేలు బయటపడే కిటికీ లాంటి పరికరం పెట్టాలని నిబంధన ఉంది. "మేం కట్టుమరాలోళ్ళం అన్నా. సోనా బోట్లు ఒడ్డుకి దగ్గరగా వస్తుండాయి. మా వలలు తెగతాయి, ఇవి చస్తాయి" అన్నాడాయన. సోనా బోట్లంటే ఆ పెద్ద మరబోట్లే. టీచరమ్మ చాలాసేపు ఆ తాబేలు దగ్గరే నిలబడింది. ఈ చోటుకి మాత్రం పిల్లల్ని తీసుకురావాల్సిందే అంది, తాబేలు బతికున్నా చచ్చి ఉన్నా. నాదీ అదే మాట.

మైపాడులో మేం ఉన్న చోటు శుభ్రంగా ఉంది, పిల్లలు నేల మీద పడుకోవడానికి హాలు ఇస్తామన్నారు, భోజనం మనిషి లెక్కన మాట్లాడుకోవచ్చు. ఒక్కటే లోపం. సముద్రం వైపు తెల్లవార్లూ వెలిగే పెద్ద దీపాలు. గుడ్డులోంచి బయటపడిన తాబేటి పిల్లలు వెలుతురున్న వైపే పాకుతాయి, సముద్రం వదిలి రోడ్డెక్కుతాయి. మేనేజర్‌ని కూర్చోబెట్టి చెప్పాం. ఆయన ఆ రాత్రి పదింటికి ఆర్పించాడు. బుకింగ్ మాట్లాడేటప్పుడే ఈ షరతు పెట్టండి, ఎంతమంది అడిగితే అంత మంచిది.

భోజనానికి నెల్లూరు చాలు. మామిడికాయ ముక్క వేసిన చేపల పులుసు రాత్రి వండినది పొద్దున తినే ఇంట్లో దిగారంటే మీ అదృష్టం. మేం ఒక స్నేహితుడి అత్తగారింట్లో తిన్నాం. హోటళ్ళలో కారం పిల్లలకి ఎక్కువ, ముందే చెప్పి తగ్గించుకోండి.

ఉదయగిరికి నెల్లూరు నుంచి వంద కిలోమీటర్లు అటూ ఇటూ. శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న దుర్గం కొండ మీద ఉంది. ఎక్కాలంటే తెల్లారుతూనే మొదలుపెట్టాలి, దారిలో నీళ్ళు దొరకవు. మాకు కొండకన్నా కింద ఊళ్ళో చెక్క గరిటెలు చేసే ఆడవాళ్ళు నచ్చారు. అడవి నుంచి తెచ్చే కలివి, బిక్కి లాంటి కర్రతో స్పూన్లు, ఫోర్కులు చెక్కుతారు. అడవిలో కర్ర తగ్గితే వాళ్ళ పని తగ్గుతుంది, ఆ మాట వాళ్ళ నోటి నుంచే పిల్లలు వినాలి. రాత్రి ఉండటానికి బృందానికి తగ్గ వసతి మాకు కనబడలేదు.

సీతారాంపురం మీదుగా భైరవకోన వెళ్ళాం. కొండని తొలిచిన ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. సత్రాల్లో భోజనం పెడతారు, ఆదరణ గొప్పది. కానీ టాయిలెట్లు వచ్చిన జనానికి చాలవు, జలపాతం కింద రాళ్ళు పాకుడు పట్టి ఉన్నాయి, ఏదైనా జరిగితే పెద్దాసుపత్రి దూరం. గుండంలో షాంపూ ప్యాకెట్లు, ప్లేట్లు తేలుతున్నాయి. చిన్న బృందంతో పొద్దున వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావడానికే నా ఓటు.

ఒంగోలు తిరుగు దారిలో వ్యానులోనే టీచరమ్మ క్యాంపు ఖర్చుల లెక్క వేసింది. ఇలాంటి కార్యక్రమాల్లో సిటీ నుంచి వచ్చే లెక్చరర్‌కి రానూపోనూ ఏసీ టికెట్టు, పారితోషికం, శాలువా ఉంటాయి. వాచర్‌కి, పడవాయనకి, గరిటెలు చెక్కే ఆమెకి టీ, ఒక ఫొటో. మా అందరికీ ఇది ఏళ్ళుగా మనసులో ఉన్న మాటే. ఆమె కాగితం మీద మొదటి వరసలో జాలరి పేరు రాసి, ఎదురుగా లెక్చరర్‌కి ఇచ్చేంత మొత్తం వేసింది. ఆ కింద గరిటెల ఆమె. వాచర్ ప్రభుత్వ ఉద్యోగి కాబట్టి అటవీశాఖ రేంజ్ ఆఫీసుకి ముందే లేఖ రాసి అనుమతి తీసుకోవాలి, ఆయన పిల్లల చదువుకి పుస్తకాలు కొనిపెట్టాలి అని పక్కన రాసుకుంది. గదులు, వ్యాను, భోజనం ఆ తర్వాతి వరసల్లోకి వెళ్ళాయి. డబ్బు చాలకపోతే భైరవకోన తీసేద్దామన్నాడు బ్యాంకు మిత్రుడు. అందరం సరే అన్నాం.