ఎల్ అవియోన్, కోస్టారికా: ఆయుధాలు మోసే విమానం కింద భోజనం

కోస్టారికా పసిఫిక్ తీరంలో మాన్యుయెల్ ఆంటోనియో నేషనల్ పార్కుకి వెళ్ళేవాళ్ళు కెపోస్ ఊరు దాటి కొండ ఎక్కుతుంటే దారిలో ఓ పెద్ద మిలిటరీ విమానం కనిపిస్తుంది. అదే ఎల్ అవియోన్ రెస్టారెంట్. చాలామంది కారు ఆపి ఓ సెల్ఫీ తీసుకుని బీచ్‌కి వెళ్ళిపోతారు. దయచేసి అలా చేయకండి, ఓ సాయంత్రం మొత్తం దీనికే ఉంచుకోండి.

విమానం పేరు ఫెయిర్‌చైల్డ్ సీ-123 ప్రొవైడర్. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి 110 అడుగులు, ముక్కు నుంచి తోక దాకా 76 అడుగులు. దీని డిజైన్ మొదట అసలు ఇంజనే లేని గ్లైడర్ కోసం వేసింది, ఆ గ్లైడర్‌కే తర్వాత రెండు పిస్టన్ ఇంజన్లు తగిలించి 1949లో ఎగరేశారు. రెక్క పైన ఉంటుంది, పొట్ట నేలకి దగ్గరగా ఉంటుంది, తోక కింది తలుపు ర్యాంపులా దిగుతుంది, కాబట్టి సామాను తేలిగ్గా లోపలికి ఎక్కించొచ్చు. చిన్న చిన్న మట్టి రన్‌వేల మీద కూడా దిగగలదు. అందుకే వియత్నాంలో అమెరికా వీటిని విపరీతంగా వాడుకుంది, అడవుల మీద ఏజెంట్ ఆరెంజ్ అనే, ఆకులు రాల్చే విష రసాయనం చల్లింది కూడా ఎక్కువగా ఈ రకం విమానాలతోనే. సైన్యం వదిలేశాక ఇవి ఎవరి చేతుల్లోకి వెళ్ళాయన్నది ఇంకా పెద్ద కథ, ఈ రెస్టారెంట్ ఆ కథలోంచి పుట్టిందే.

1980ల్లో పక్క దేశం నికరాగువాలో సాండినిస్టాలనే వామపక్షవాదుల ప్రభుత్వం ఉండేది. దాన్ని పడగొట్టాలని కాంట్రాలనే తిరుగుబాటుదారులు యుద్ధం చేస్తుంటే అమెరికాలోని రీగన్ ప్రభుత్వం వాళ్ళ వెనక నిలబడింది. 1984లో అమెరికా కాంగ్రెస్ ఇక వాళ్ళకి సాయం చేయొద్దని చట్టం చేసింది. అయినా వైట్‌హౌస్‌లో ఆలివర్ నార్త్ అనే సైనికాధికారి చూసుకుంటున్న రహస్య ఏర్పాటు ఆగలేదు, ఇరాన్‌కి దొంగచాటుగా అమ్మిన ఆయుధాల డబ్బులో కొంత అటు మళ్ళింది. సరుకు మోయడానికి వాళ్ళు తెచ్చుకున్నవాటిలో ఈ పాత సీ-123లు కూడా ఉన్నాయి. 1986 అక్టోబర్ 5న ఎల్ సాల్వడార్ నుంచి ఆయుధాలతో బయల్దేరిన ఒక సీ-123ని దక్షిణ నికరాగువా మీద భుజాన పెట్టుకుని పేల్చే క్షిపణితో కూల్చేశారు. అందులో ముగ్గురు చనిపోయారు. నాలుగో మనిషి యూజీన్ హాసెన్‌ఫస్ ఒంటికి పారాచూట్ ఉండబట్టి బతికి, మర్నాడు పట్టుబడ్డాడు. దాంతో తీగ లాగితే డొంకంతా కదిలింది, వాషింగ్టన్ దాకా.

నెట్‌లో చాలాచోట్ల కూలిపోయిన విమానమే ఈ రెస్టారెంట్ అని రాసేస్తున్నారు. కాదు. ఇది దాని జంట విమానం. అక్కడ గుట్టు రట్టయ్యాక దీన్ని కోస్టారికా రాజధాని శాన్ హోసే ఎయిర్‌పోర్టులో వదిలేసి పోయారు, అది ఏళ్ళ తరబడి అలాగే పడి ఉంది. రెస్టారెంటువాళ్ళు చెప్పే ప్రకారం 2000లో దీన్ని 3000 డాలర్లకి కొన్నారు. ఆ ధరకి విమానం వచ్చింది సరే, ఇక్కడికి తేవడమే అసలు యుద్ధం. ముక్కలుగా విడదీశారు, కానీ పొట్ట భాగం కెపోస్ దారిలోని పాత అరటి కంపెనీ రైలు వంతెనల కంటే 10 అంగుళాలు ఎక్కువ వెడల్పు ఉందట! అందుకని సముద్రం మీదుగా కెపోస్‌కి చేర్చి, అక్కడి నుంచి ఆ వంపుల రోడ్డు మీద కొండపైకి లాక్కొచ్చారు. ఆ రోడ్డు ఎక్కి చూసినవాళ్ళకి అది ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

నాకు బాగా నచ్చిందేంటంటే దీన్ని ఉంచిన దేశం. కోస్టారికా 1948లోనే సైన్యాన్ని రద్దు చేసుకుంది. ఉత్తరాన శాంటా ఎలీనా దగ్గర అమెరికావాళ్ళు కాంట్రాల కోసం రహస్యంగా రన్‌వే వేయించుకుంటే, 1986లో అధ్యక్షుడైన ఆస్కర్ అరియాస్ దాన్ని వాడడానికి వీల్లేదన్నాడు. మరుసటి ఏడాది ఆయనకి నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. అలాంటి నేల మీద ఈ విమానం ఇంజన్ ఆపేసుకుని జనానికి భోజనం పెడుతోంది!

విమానం పొట్టలో బార్ ఉంది. అందులోకి తప్పకుండా వెళ్ళండి. తల ఎత్తి చూస్తే పక్కటెముకల్లా వరసగా అల్యూమినియం ఫ్రేములు, వాటి పొడవునా రివెట్లు. గోడ మీద చెయ్యి వేస్తే రేకు ఎంత పల్చనో తెలుస్తుంది, ఆ పల్చటి రేకు మాత్రమే అడ్డుగా పెట్టుకుని మనుషులు క్షిపణులున్న చోటికి ఎగిరారన్న సంగతి పుస్తకంలో చదివితే ఇంతగా తగలదు. ఎయిర్ ఫోర్స్ మ్యూజియాల్లో తాడు కట్టి దూరం నుంచి చూపిస్తారు, ఇక్కడ ఆనుకుని కూర్చోవచ్చు.

యుద్ధానికి తుపాకులు మోసే విమానంలో జనం మందు తాగుతూ నవ్వుకోవడం ఏం బాగుంటుంది అని అడిగేవాళ్ళున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆ యుద్ధంలో వేలమంది పోయారు. కానీ దీని ముందున్న ఇంకో దారి తుక్కు కింద కరిగిపోవడం, అప్పుడు ఎవరూ ఏమీ అడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు పిల్లలు సైతం "ఈ విమానం ఇక్కడికెలా వచ్చింది?" అని అడుగుతున్నారు, పెద్దవాళ్ళు జవాబు చెప్పాల్సి వస్తోంది. వెళ్ళేముందు ఈ చరిత్ర కాస్త చదువుకుని వెళ్ళండి, మీ పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పండి.

తిండి విషయానికొస్తే ఇది సముద్రతీరం, చేపా రొయ్యా తినేవాళ్ళకి దిగుల్లేదు. నిమ్మరసంలో ఊరబెట్టిన పచ్చి చేప ముక్కల సెవిచే ఇంతకుముందు తిననివాళ్ళు ఇక్కడ మొదలుపెట్టొచ్చు, పుల్లగా, చల్లగా, ఎండలో తిరిగొచ్చిన ఒంటికి హాయిగా ఉంటుంది. శాకాహారులు మాత్రం కూర్చోగానే ఏముందో అడిగేయండి. బిల్లులో 13 శాతం పన్ను, 10 శాతం సర్వీసు కోస్టారికాలో ఎక్కడైనా ఉండేవే, మళ్ళీ టిప్ ఇవ్వాలన్న టెన్షన్ అక్కర్లేదు.

సూర్యాస్తమయం ఏడాది పొడవునా సుమారు అయిదుంపావుకీ ఆరుంపావుకీ మధ్యే అవుతుంది, కాబట్టి నాలుగున్నరకల్లా వెళ్తే విమానం వెలుగులో చూసుకుని ఆ తర్వాత సముద్రం వైపు టేబుల్ దగ్గర కూర్చోవచ్చు. శాన్ హోసే నుంచి కారులో సుమారు మూడు గంటలు. కెపోస్ నుంచి పార్కుకి వెళ్ళే సిటీ బస్సు ఈ రోడ్డు మీదే పోతుంది, మందు తాగే ఉద్దేశముంటే అందులోనే రండి, చీకటి పడ్డాక ఆ మలుపుల్లో నడపడం అంత మంచిది కాదు.