ఆరు యాప్‌లు, ఆరు వాలెట్లు: విజయవాడ హైవే మీద రెండున్నరేళ్ల ఛార్జింగ్

ఎలక్ట్రిక్ కార్ల పబ్లిక్ ఛార్జింగ్ మీద నా కోపమంతా ఒక్కదాని మీదే. వాలెట్.

బ్యాటరీ, రేంజి, సర్వీసు గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి వాటి జోలికి పోను. నాది నెక్సాన్ ఈవీ మ్యాక్స్, 40.5 కిలోవాట్ అవర్ల బ్యాటరీ, అంటే 40.5 యూనిట్ల కరెంటు పడుతుంది. హైదరాబాద్‌లో నాగోల్ దగ్గర ఉంటాం. అమ్మ తెనాలిలో ఉంటుంది. నెలకి రెండుసార్లయినా వెళ్లొస్తాను. ఇంట్లో నిండా ఎక్కించుకుని బయల్దేరితే దారిలో ఒక్కసారి 17, 18 యూనిట్లు ఎక్కిస్తే చాలు. తెనాలిలో 15 ఆంపుల ప్లగ్గుకి రాత్రంతా పెట్టేస్తే పొద్దునకి నిండుతుంది. అంటే రానూపోనూ కలిపి బయట నాకు కావలసింది 34 యూనిట్లు. అంత చిన్న అవసరానికి నా ఫోన్‌లో ఆరు ఛార్జింగ్ నెట్‌వర్క్‌ల యాప్‌లు ఉన్నాయి. టాటా పవర్, స్టాటిక్, ఛార్జ్‌జోన్, జియో-బీపీ, ఇంకో రెండు. ప్రతి దానికీ ఒక వాలెట్, అందులో ముందుగా డబ్బు వేసి ఉంచితేనే ఛార్జింగ్ మొదలవుతుంది.

మొదటి ఏడాది మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నేనే గట్టిగా చెప్పాను, హైవే మీద ఛార్జింగ్ పెట్టుకున్నా కిలోమీటరుకి మూడున్నర రూపాయలు దాటదని. ఆ లెక్క తప్పు కాదు. హైవే వేగంలో నా కారు కిలోమీటరుకి 0.15 యూనిట్ తింటుంది. 107 రూపాయలు దాటిన పెట్రోలు పోసుకుని, లీటరుకి 16 ఇచ్చే మా పాత కారుకి ఆరున్నర పైనే అయ్యేది. ఆ తేడా ఇప్పటికీ ఉంది. కాకపోతే ఆరోజు నేను చెప్పింది బిల్లు మీద కనిపించే లెక్క. నా జేబులోంచి వెళ్లిన డబ్బు లెక్క తర్వాత వేసుకున్నాను.

గత ఆరు నెలల పన్నెండు ట్రిప్పులూ డైరీలో రాసి పెట్టుకున్నాను. బయట ఎక్కించినవి 409 యూనిట్లు. వాటికి అయిన బిల్లులు 9,160 రూపాయలు. యూనిట్‌కి 22.40 పడింది. కానీ అదే ఆరు నెలల్లో వాలెట్లలో వేసింది 11,300. మిగిలిన 2,140 రూపాయలు ఇప్పటికీ ఐదు యాప్‌లలో తలా కాస్త పడి ఉన్నాయి. చేతిలోంచి పోయిన డబ్బుని ఎక్కిన యూనిట్లతో భాగిస్తే యూనిట్ 27.60. ఆ మిగులు ఎప్పటికైనా వాడుకోవచ్చు, నిజమే. అయితే అందులో 340 రూపాయలున్న నెట్‌వర్క్‌కి నా దారిలో ఉన్న ఒక్క ఛార్జర్‌నూ మార్చిలో పీకేశారు.

ఇక ఆ రాత్రి సంగతి చెప్పాలి.

మొన్న జూన్‌లో అమ్మని హైదరాబాద్ తీసుకొస్తున్నాను. మర్నాడు పొద్దున 9 గంటలకి కంటి ఆసుపత్రిలో అపాయింట్‌మెంట్. ముందురోజు రాత్రి గాలివానకి తెనాలిలో కరెంటు పోయి 80 శాతం దగ్గరే ఛార్జింగ్ ఆగిపోయింది. దారిలో ఎక్కిద్దాంలే అని సాయంత్రం ఆరింటికి బయల్దేరాం. రాత్రి తొమ్మిది దాటాక సూర్యాపేట చేరేసరికి 18 శాతం ఉంది. ఎప్పుడూ ఆగే చోటే ఆగాను. ఆ నెట్‌వర్క్ వాలెట్‌లో 700 పైనే ఉన్నాయి. యాప్‌లో ఆకుపచ్చ చుక్క కనిపిస్తోంది, 'అందుబాటులో ఉంది' అని. దిగి చూస్తే స్క్రీన్ నల్లగా ఉంది. బంకు కుర్రాడు వచ్చి, "నిన్న సంది పనిచేస్తలేదన్నా, ఫోన్ చేసి చెప్పినం, ఎవ్వరు రాలే" అన్నాడు.

ఇంకో నెట్‌వర్క్ ఛార్జర్ నకిరేకల్ వైపు ఇరవై కిలోమీటర్ల దూరంలో ఉంది. ఏసీ ఆపేసి, అద్దాలు కొద్దిగా దించి, యాభై వేగం దాటకుండా వెళ్లాను. అక్కడికి చేరేసరికి 10 శాతం. ఛార్జర్ వెలుగుతోంది. ఛార్జర్ కేబుల్ చివర ఉండే గన్ను కారుకి పెట్టాను, లాక్ పడిన చప్పుడు వచ్చింది. యాప్ తెరిస్తే వాలెట్‌లో 62 రూపాయలున్నాయి. మొదలుపెట్టడానికి కనీసం 100 ఉండాలి, రీచార్జ్ అయితే 500కి తక్కువ కుదరదు. సరే అని 500 కొట్టాను. బ్యాంకులో పోయినట్టు మెసేజ్ వచ్చింది. వాలెట్‌లో మాత్రం 62. పది నిమిషాలు ఆగాను. సిగ్నల్ ఒక గీత వస్తోంది, పోతోంది. మొదటిది పడలేదేమో అనుకుని మళ్లీ 500 కొట్టాను. అదీ పోయింది. వాలెట్‌లో 62.

కస్టమర్ కేర్‌కి చేస్తే పద్నాలుగు నిమిషాలు పాట వినిపించి, "పేమెంట్ పెండింగ్‌లో ఉంది సార్, 24 గంటల్లో అప్‌డేట్ అవుతుంది" అన్నారు. అవతల అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది, ఆమె చేతిలో ఏమీ లేదు. 'ఈ ఒక్కసారికి ఇక్కడి నుంచి మొదలుపెట్టండమ్మా, వెయ్యి మీ దగ్గరే ఉన్నాయి కదా' అని బతిమాలాను. వాలెట్‌లో బ్యాలెన్స్ కనిపించకపోతే సిస్టమ్ ఒప్పుకోదంది.

ఛార్జర్‌కి ఆరడుగుల దూరంలో మొక్కజొన్న పొత్తులు కాల్చే బండి ఉంది. బండికి ప్లాస్టిక్ కవరు కట్టిన క్యూఆర్ అట్ట, దాని పక్కన డబ్బు పడితే పలికే పెట్టె. అమ్మకి ఆకలేస్తుందేమోనని ఒక పొత్తు తీసుకుని స్కాన్ చేశాను. అదే ఫోన్, అదే ఒక గీత సిగ్నల్. పావు నిమిషంలో 'ఇరవై రూపాయలు అందాయి' అని పెట్టె పలికింది. నిప్పుల మీద పొత్తు తిప్పుతున్న ఆమె తల కూడా ఎత్తలేదు, ఆమెకి అది అంత మామూలు సంగతి. యూపీఐ 2016లోనే వచ్చింది. లక్షల ఖరీదు చేసే ఆ ఛార్జర్ మీద ఒక్క క్యూఆర్ అట్ట అంటించి ఉంటే నేను ఎప్పుడో బయల్దేరేవాణ్ణి.

కారు దగ్గరికి వస్తే అమ్మ బొడ్లో దోపుకున్న చిన్న పర్సు తీసి, మడతలు విప్పి రెండు అయిదొందల నోట్లు చేతిలో పెట్టింది. "ఏరా అబ్బాయ్, డబ్బులు చాల్లేదా? ఇందా, ఇవి కట్టు" అంది. ఆ మిషను నోట్లు తీసుకోదని, డబ్బులు ఇప్పటికే రెండుసార్లు కట్టానని ఆమెకి చెప్పడానికి నాకు మాటలు రాలేదు. చూపు సరిగా ఆనని మనిషిని రాత్రి పదిన్నరకి రోడ్డు పక్కన కూర్చోబెట్టానన్న బాధ ఇప్పటికీ పోలేదు.

పదకొండు కావస్తుండగా ఒక ఎలక్ట్రిక్ క్యాబ్ వచ్చింది. డ్రైవర్ రెండో గన్ను తీసుకుని, జేబులోంచి కార్డు తీసి ఛార్జర్‌కి తాకించాడు. వెంటనే మొదలైంది. ఫోన్ బయటికే తీయలేదు. నా సంగతి చెబితే, "నాదాంట్ల బ్యాలెన్సు ఉన్నదన్నా, పెట్టుకో. అయినంక ఫోన్‌పే కొట్టు" అని, యాప్‌లో తన వాలెట్ నుంచే నా గన్ను కూడా మొదలుపెట్టాడు. 18 యూనిట్లు, యూనిట్ 19 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 403 రూపాయల 56 పైసలు. 500 పంపబోతే ఒప్పుకోలేదు, 404 చాలన్నాడు. ఇల్లు చేరేసరికి ఒంటిగంటన్నర. అపాయింట్‌మెంట్ అందుకున్నాం.

నా వెయ్యి రూపాయల్లో ఒక 500 మూడో రోజున వాలెట్‌లో పడింది. రెండో 500 కోసం యూటీఆర్ నంబర్ (ఆ చెల్లింపుకి బ్యాంకు ఇచ్చే నంబరు), బ్యాంకు స్టేట్‌మెంట్ పెట్టి నాలుగు మెయిళ్లు రాస్తే పంతొమ్మిదో రోజున బ్యాంకులోకి వచ్చింది. డబ్బు పోలేదు కాబట్టి ఆ నెట్‌వర్క్ పేరు రాయడం లేదు. వాళ్ల ఛార్జర్లు మంచివే, ఆ రోజు కూడా మిషను తప్పేమీ లేదు.

అసలు నెట్‌వర్క్ పేరు చూసి రేటు పోల్చడం వల్ల పెద్దగా లాభం లేదని కూడా నాకు తెలిసొచ్చింది. ఒకే నెట్‌వర్క్‌లో సిటీలో ఒక రేటు, హైవే మీద ఇంకో రేటు, హోటల్ ఆవరణలో మరో రేటు. నేను చూసినంతలో యూనిట్ 16 నుంచి 24 దాకా ఉంది. కొన్ని యాప్‌లు జీఎస్టీ కలిపి చూపిస్తాయి, కొన్ని కలపకుండా చూపిస్తాయి. 18 అని కనిపించినది బిల్లులో 21.24 అవుతుంది, 21 అని కనిపించినది 21 గానే ఉంటుంది. కాబట్టి ముందు అది చూసుకోవాలి. కొన్నిచోట్ల పగటి రేటు తక్కువ. 2024 సెప్టెంబరులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఛార్జింగ్ స్టేషన్లకి ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా సౌర విద్యుత్ వేళల్లో కరెంటు చవగ్గా ఇవ్వాలని ఉంది. వీలైతే పగలే బయల్దేరడం నాకు రెండు రకాలుగా మేలు, రేటూ తగ్గుతుంది, పాడైన ఛార్జర్ ఎదురైతే మనుషులూ దొరుకుతారు.

ఇంటి కరెంటుతో పోలిస్తే మాత్రం ఏ నెట్‌వర్కూ దరిదాపుల్లోకి రాదు. తెలంగాణలో ఇంటి మీటరు పై స్లాబుకి వెళ్లినా యూనిట్ 10 రూపాయలే. ఎక్కించేటప్పుడు పదో వంతు వృథా పోతుందనుకున్నా బయటి రేటులో సగమే.

ఇంకో మాట కూడా సవరించుకోవాలి. బంకుల్లో 60 కిలోవాట్ల ఛార్జర్లు బ్రహ్మాండమని మొదట్లో అందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పటికీ రాత్రిపూట వాటికే నా ఓటు, ఎందుకంటే బంకులో లైట్లుంటాయి, మనుషులుంటారు, బాత్రూం ఉంటుంది. కానీ వాటిలో చాలావాటికి రెండు గన్నులు, రెండో కారు వచ్చి పెట్టగానే చెరి 30 అవుతుంది. శనివారాలు ఛార్జింగ్‌కి ఎక్కువసేపు పడుతుంది. హోటల్ దగ్గరివి ఖరీదెక్కువైనా భోజనం చేసేలోపు పనైపోతుంది. కార్ల షోరూముల్లో చవగ్గా దొరుకుతాయి కానీ చాలాచోట్ల రాత్రి గేటు వేసేస్తారు.

ఊహించని మంచి కూడా ఒకటి జరిగింది. ఆ ఆరింటిలో ఒక యాప్ ఈ మధ్య వాలెట్ లేకుండా నేరుగా యూపీఐతో మొదలుపెట్టనిస్తోంది. ముందుగా 500 తీసుకుంటుంది. మొన్న నాకు 372 అయితే, గన్ను తీసి కారెక్కేలోపు 128 అదే ఖాతాకి తిరిగొచ్చాయి. నాకు అంతకంటే ఇంకేమీ అక్కర్లేదు. యూనిట్‌కి రెండు రూపాయలు ఎక్కువైనా ఇప్పుడు అక్కడే ఆగుతున్నాను.

బ్రిటన్‌లో ఉండే మా మేనల్లుడికి ఈ గొడవంతా చెబితే, అక్కడ హైవేల మీద వేగంగా ఎక్కించే ఛార్జర్లన్నీ మామూలు బ్యాంకు కార్డు తాకిస్తే పనిచేయాలని ప్రభుత్వమే నిబంధన పెట్టిందన్నాడు. యూనిట్‌కి 70 పెన్సు పైనే కడతాడట. రేటు విషయంలో మనమే నయం. మన దగ్గర కూడా కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ స్టేషన్ల కోసం 2,000 కోట్లు పెట్టారు, అన్ని నెట్‌వర్క్‌లకీ కలిపి బీహెచ్ఈఎల్ ద్వారా ఒకే యాప్ తేవాలన్న ఆలోచన ఉందని 2025లో ప్రకటించారు. ఆ యాప్ వస్తే మొదటి రోజే వేసుకుంటాను.

ఇదంతా నా పరిస్థితిని బట్టి చెబుతున్నది. నాకు ఇంట్లో సొంత మీటరు ఉంది, తెనాలిలో ప్లగ్గు ఉంది, తిరిగేది ఒకే దారి. రోజూ బయటే ఎక్కించుకునే క్యాబ్ వాళ్లకి వాలెట్ పెద్ద ఇబ్బంది కాదు, వేసిన డబ్బు వారంలో అయిపోతుంది, ఒకే నెట్‌వర్క్‌ని పట్టుకుంటారు. అపార్ట్‌మెంట్‌లో పాయింటు లేనివాళ్లకి నా 22 రూపాయల లెక్క వేరేగా కనిపిస్తుంది, వాళ్లకి పెట్రోలుతో తేడా బాగా తగ్గిపోతుంది. నెలకి ఒకటీ రెండుసార్లు ఊరెళ్లే నాలాంటివాళ్లకే ఈ వాలెట్ల బాధ ఎక్కువ. అలాంటివాళ్లు అడిగితే కారు తీసుకోమనే చెబుతున్నాను, కాకపోతే దారిలో వరసగా ఉండే రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లలో 500 చొప్పున ముందే వేసుకుని, ఇంట్లో వైఫై ఉండగానే ఆ పని చేసుకుని బయల్దేరమంటున్నాను. ఆ క్యాబ్ అతని దగ్గర చూసిన లాంటి కార్డే నేనూ తెప్పించుకుని తాళంచెవికి తగిలించాను. దానికీ వాలెట్‌లో డబ్బుండాలి, కానీ సిగ్నల్‌తో పనిలేదు.

వచ్చే నెల అమ్మని శ్రీశైలం తీసుకెళ్లాలి. ఘాట్ ఎక్కేముందు నాకు సరిపడే చోట ఉన్న ఛార్జర్ ఏడో నెట్‌వర్క్‌ది. దానికీ వాలెట్ ఉంది, కనీస రీచార్జ్ 500.